క్రిమికీ కొన్ని తప్పులు కావాలట!

చెల్లీ, తప్పు చేయనివాళ్ళే గొప్పవాళ్ళని చెప్పి కదా మనల్ని పెంచారు! ఎక్కం తప్పితే తొడపాశం, పద్యం తప్పితే గోడకుర్చీ. అందుకే "తప్పులు మరీ తగ్గిపోయి ఫలానావాడు చెడిపోయాడు" అని ఎవరైనా అంటే మనకు నవ్వొస్తుంది. కానీ సాల్మొనెల్లా అనే క్రిమి సంగతి సరిగ్గా అలాగే ఉంది. అదేనే, టైఫాయిడ్ తెచ్చే కుటుంబం. ఆ క్రిమి ఒంట్లో ప్రొటీన్లు తయారయ్యేటప్పుడు కొన్ని తప్పులు దొర్లుతుంటాయి. ఆ తప్పుల్ని పెంచి చూశారు, క్రిమి నీరసపడింది. ఇది ఎవరైనా ఊహించగలరు. తర్వాత వాటిని మామూలు కంటే బాగా తగ్గించి చూశారు. చిత్రం, అప్పుడూ నీరసపడింది! అమెరికాలో జిచియాంగ్ లింగ్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ఇది.

ఈ నెల మన ముచ్చట దీని గురించే. పిల్లాడికి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు యాంటీబయాటిక్ మాట ఎత్తుతారు. ఆ మందులు క్రిమిని ఎక్కడ పట్టుకుంటాయో, అది ఎలా జారుకుంటుందో తెలిస్తే మందుల షాపు ముందు నిలబడినప్పుడు మన బుర్ర కాస్త మెరుగ్గా పనిచేస్తుంది. "పదో తరగతితోనే బయాలజీకి దణ్ణం పెట్టేశానక్కా" అనకు. నీకు పూలదండ కట్టడం వచ్చు కదా, అది చాలు.

ప్రొటీన్ అంటే ఒక దండ. అందులో పువ్వులు అమైనో ఆమ్లాలు, మొత్తం 20 రకాలు. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు రావాలో డీఎన్ఏలో రాసి ఉంటుంది. దాన్ని చూసి ఒక చీటీ రాసుకుంటుంది కణం, అది ఆర్ఎన్ఏ. చీటీలో అక్షరాలు నాలుగే. మూడేసి అక్షరాలు ఒక మాట, అలా మొత్తం 64 మాటలు. వాటిలో 61 మాటలు "ఈ పువ్వు పెట్టు" అని చెప్తాయి, మిగతా 3 "ఇక ముడి వెయ్యి" అంటాయి. చీటీ చదువుతూ దండ కట్టే యంత్రం పేరు రైబోజోమ్. ఒక్కో పువ్వునూ మోసుకొచ్చి దాని చేతికి అందించేది టీఆర్ఎన్ఏ అనే బుల్లి ఆర్ఎన్ఏ. ఏ మాటకు ఏ పువ్వో తేల్చినందుకే 1968లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. వాళ్ళలో హరగోబింద్ ఖొరానా మన పక్కవాడే, అవిభక్త పంజాబ్‌లో రాయ్‌పూర్ అనే పల్లెలో పుట్టినవాడు.

ఇక వేగం చూడు. బాక్టీరియాలో రైబోజోమ్ జోరు మీద ఉంటే సెకనుకు 15 నుంచి 20 పువ్వులు కట్టేస్తుంది. అంత హడావుడిలో తప్పులు రాకుండా ఉంటాయా? సుమారు వెయ్యి నుంచి పదివేల పువ్వులకు ఒకటి తప్పు పడుతుంది. 3,000కి ఒక తప్పు అనుకుందాం. 300 పువ్వుల దండలు పది కడితే ఒకదాంట్లో ఎక్కడో ఒక తప్పు పువ్వు ఉంటుందన్నమాట. అదే కణం తన డీఎన్ఏకి నకలు తీసుకునేటప్పుడు ఎంత జాగ్రత్తో! వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు వస్తే గొప్ప. ఆస్తి పత్రాలు అంత భద్రంగా చూసుకునే మనిషి రోజువారీ పనిలో ఇంత అజాగ్రత్త ఏమిటా అనిపిస్తుంది కదూ?

దానికీ ఒక లెక్క ఉంది. చెడ్డ దండను విరిచి పారేసి ఇంకోటి కట్టుకోవచ్చు, డీఎన్ఏలో తప్పు పడితే మాత్రం అది తరతరాలకూ పాకుతుంది. పైగా తప్పు పట్టుకోవడం ఊరికే రాదు. రైబోజోమ్ ఒకసారి మాటా పువ్వూ సరిపోయాయా అని చూస్తుంది, కొంత శక్తి ఖర్చుపెట్టి ఆగి రెండోసారీ చూస్తుంది. ఇలా శక్తి ఖర్చుపెట్టి మళ్ళీ సరిచూసుకునే ఉపాయం ఉండాలని 1974లో జాన్ హాప్‌ఫీల్డ్, 1975లో జాక్ నీనియో విడివిడిగా లెక్క కట్టి చెప్పారు. ఆ సరిచూసే చోటు అణువు అణువునా ఎలా ఉంటుందో చూపించినవాళ్ళలో ముఖ్యుడు మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్. 2009లో థామస్ స్టైట్స్, అడా యోనాత్‌లతో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

తప్పు ఇంకోచోట కూడా పడొచ్చు. రైబోజోమ్ దాకా రాకముందే, టీఆర్ఎన్ఏకి వేరే పువ్వు తగిలించడంలో. ఐసోలూసిన్, వాలిన్ అని రెండు అమైనో ఆమ్లాలున్నాయి. వాటికి ఒక్క కార్బన్ తేడా, అంతే. ఒకటి తగిలించబోయి ఇంకోటి తగిలిస్తే దాన్ని ఊడబెరికే ఏర్పాటు ఆ ఎంజైమ్‌లోనే ఉంటుంది. మరో తంటా ఉంది. ప్రతి అమైనో ఆమ్లానికీ (గ్లైసిన్ ఒక్కదాన్ని మినహాయించి) ఎడమవాటం రూపం, కుడివాటం రూపం ఉంటాయి. ప్రొటీన్లలోకి ఎడమవాటమే వెళ్ళాలి. కుడివాటంది దొంగతనంగా దూరితే పట్టి బయటికి నెట్టే ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో విడమరిచింది ఎక్కడో కాదు, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం. ఈ కృషికే ఆయనకు 2020లో ఇన్ఫోసిస్ ప్రైజ్ ఇచ్చారు. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి ఆ గేటు నువ్వు చూసే ఉంటావు.

"సరే అక్కా, ఇందులో రోగం ఎక్కడుంది?" అంటున్నావు. వస్తున్నా. దానికి ఒక మందు కథ చెప్పాలి.

1943లో న్యూజెర్సీలోని రట్‌గర్స్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ళ కుర్రాడు నేలలో దొరికే ఒక బాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయను లొంగదీసిన మొట్టమొదటి యాంటీబయాటిక్ అదే. 1944 జనవరిలో వచ్చిన వ్యాసం మీద మూడు పేర్లు: షాట్జ్, ఎలిజబెత్ బ్యూగీ, వాళ్ళ ప్రొఫెసర్ సెల్మన్ వాక్స్‌మన్. పేటెంటు దగ్గరికి వచ్చేసరికి ఎలిజబెత్ పేరు ఎగిరిపోయింది. 1952లో నోబెల్ వచ్చేసరికి షాట్జ్ పేరు కూడా లేదు, ప్రొఫెసర్ ఒక్కడే మిగిలాడు. అప్పటికే షాట్జ్ కోర్టుకెక్కి తానూ కనిపెట్టినవాణ్ణేనని ఒప్పించుకున్నాడనుకో. ఎలిజబెత్ తరఫున మాత్రం ఎవరూ కోర్టుకెక్కలేదు. మన ముచ్చట్లలోనైనా ఆవిడ పేరు చెప్పుకోవద్దూ?

ఆ మందు ఏం చేస్తుందో 1964లో జూలియన్ డేవిస్, వాల్టర్ గిల్బర్ట్, లుయీజీ గొరీనీ తేల్చారు. అది రైబోజోమ్ చిన్న ముక్క మీద, సరిచూసే చోటు పక్కనే తిష్ఠ వేస్తుంది. దాంతో రైబోజోమ్‌కు పట్టింపు తగ్గిపోయి ఎవరు ఏ పువ్వు తెచ్చినా దండలో పెట్టేస్తుంది. తప్పుడు ప్రొటీన్లు క్రిమి పైపొరలో చేరి పొరను ఓటిపోయేలా చేస్తాయనీ, ఆ కంతల్లోంచి మందు ఇంకా ఎక్కువ లోపలికి వస్తుందనీ 1987లో బెర్నార్డ్ డేవిస్ వివరించాడు. అంటే క్రిమిని దాని తప్పులతోనే చంపే మందు ఇది.

క్రిమి ఊరుకుంటుందా? రైబోజోమ్‌లో ఎస్-12 అనే ప్రొటీన్ ఉంది. దాంట్లో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు పని చెల్లదు. అలా మారిన రైబోజోముల్లో చాలావాటికి పట్టింపు మరీ ఎక్కువైపోతుంది. ప్రతి పువ్వునూ పదిసార్లు తిప్పి చూసే చాదస్తం వస్తుందన్నమాట. తప్పులు తగ్గుతాయి, పని నత్తనడక అవుతుంది. ఈ చాదస్తం ఎంతదాకా వెళ్తుందంటే, కొన్ని రకాల క్రిములు మందు లేకపోతే బతకలేవు! స్ట్రెప్టోమైసిన్ వచ్చి పట్టు కాస్త సడలిస్తేనే వాటి రైబోజోమ్ కదులుతుంది. తనను చంపడానికి వచ్చిన మందే అన్నంలా మారిపోయింది చూడు.

ఆ వింతను మనుషులు వాడుకున్నారు కూడా. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా క్రిమిలో ఇలా మందు మీద ఆధారపడే రకాలు తీసి, 1960లలో యుగోస్లావియాలో మెల్ అనే వైద్యుడి బృందం వాటిని నోటి ద్వారా ఇచ్చే టీకాగా ప్రయత్నించింది. కడుపులో స్ట్రెప్టోమైసిన్ ఉండదు కనుక క్రిమి పెరగలేదు, రోగం తేలేదు. మన ఒంటికి మాత్రం దాని ముఖపరిచయం అవుతుంది. మోతాదులు చాలాసార్లు ఇవ్వాల్సి రావడంతో ఆ టీకా నిలదొక్కుకోలేదు కానీ, తప్పులు మరీ తగ్గిన క్రిమి కోరలు తీసిన పాము అవుతుందన్న సంగతి అక్కడే ఒకరకంగా కనిపించింది.

ఇక ఎలుకల దగ్గరికి వద్దాం. 1998లో స్వీడన్‌లో యోహన్నా బ్యోర్క్‌మన్, డయర్మెయిడ్ హ్యూస్, డాన్ ఆండర్సన్ మందులకు లొంగని సాల్మొనెల్లా రకాలు తీసి ఎలుకలకు ఎక్కించారు. స్ట్రెప్టోమైసిన్‌కే కాదు, ఇంకో రెండు మందులకు లొంగనివి కూడా. వాటిలో ఎక్కువ రకాలు రోగం తేలేకపోయాయి. "హమ్మయ్య, మందుకు లొంగకపోతే పోయింది, రోగం తేలేదుగా" అని నువ్వు ఊపిరి పీల్చుకునేలోపు అసలు మాట విను. ఆ క్రిములు ఎలుక ఒంట్లో కొన్నాళ్ళు ఉండేసరికి ఇంకోచోట ఇంకో మార్పు తెచ్చుకుని మళ్ళీ చురుగ్గా తయారయ్యాయి. పోయిన బలం తిరిగొచ్చింది. మందుకు లొంగని గుణం మాత్రం వదల్లేదు! 2000లో వాళ్ళే మరో సంగతి చూపించారు. సీసాలో పెరిగిన క్రిమి సర్దుకునే దారి వేరు, ఎలుకలో పెరిగిన క్రిమి సర్దుకునే దారి వేరు.

ఇది మన ఇళ్ళకు సంబంధించిన విషయమే తల్లీ. "కొన్నాళ్ళు ఆ మందు వాడకుండా ఆపేస్తే క్రిమి మళ్ళీ మామూలైపోతుంది" అని చాలామంది అనుకుంటారు. అలా కావడం కంటే, బలం తిరిగి తెచ్చుకుని మందునూ ఎదిరిస్తూ ఉండిపోవడమే దానికి సులువు. అసలు కొన్ని మార్పులకైతే చెల్లించాల్సిన మూల్యమే ఉండదు. ఎస్-12లోనే ఒకచోట లైసిన్ పోయి ఆర్జినిన్ వస్తే మందు పనిచేయదు, చాదస్తమూ రాదు, వేగమూ తగ్గదు. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్షయ రోగుల్లో ఎక్కువగా కనపడే మార్పు ఇదే. చాదస్తపు రకాలు పోటీలో వెనకబడతాయి, ఇలాంటి గడుసువే మిగులుతాయి.

మరి చాదస్తపు సాల్మొనెల్లా రోగం ఎందుకు తేలేదు? నెమ్మదిగా పెరిగినందుకేనా? 2019 నాటి పరిశోధన ఇక్కడే తలుపు తెరిచింది. సాల్మొనెల్లా మన పేగులోకి చేరాక గోడ దాటి లోపలికి వెళ్ళడానికి ఒక పనిముట్టు తయారుచేసుకుంటుంది. సన్నటి సూది లాంటిది. దాన్ని పేగు కణానికి గుచ్చి తన ప్రొటీన్లను లోపలికి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్లు చేసే మాయకు కణం పైపొర అలలా లేచి క్రిమిని తానే లోపలికి లాక్కుంటుంది. దొంగకు ఇంటివాళ్ళే తలుపు తీయడం అంటే ఇదే. ఈ సామగ్రి జన్యువులన్నీ డీఎన్ఏలో ఒకచోట గుంపుగా ఉంటాయి. వాటిని లేపే పెత్తందారు హిల్-డి అనే ప్రొటీన్.

లింగ్ బృందం రెండు రకాల సాల్మొనెల్లా తీసుకుంది. ఒకదాని రైబోజోమ్ తప్పులు ఎక్కువ చేసేది, రెండోది తప్పులు మరీ తక్కువ చేసేది. రెండింట్లోనూ ఏ జన్యువులు మూగబోయాయా అని చూస్తే, బాగా అణగిపోయినవాటిలో ఈ సూది జన్యువులే ముందున్నాయి. కారణం వెతికితే హిల్-డి దొరికింది. క్రిమి ఒంట్లో లాన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అక్కర్లేని ప్రొటీన్లను ముక్కలు చేయడం దాని పని. తప్పులు పెరిగినా తగ్గినా లాన్ వచ్చి హిల్-డిని మామూలు కంటే త్వరగా నరికేస్తోంది. పెత్తందారు పోయాక సూది ఎక్కడిది? సూది లేకపోతే పేగు కణంలోకి దూరడం ఎక్కడిది? జీబ్రాచేపల్లో పెట్టి చూసినా రెండు రకాలూ మామూలు క్రిమి కంటే వెనకబడ్డాయి.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే, క్రిమి దెబ్బతిన్నది అడ్డదిడ్డంగా కాదు. తప్పుల వల్ల అన్ని ప్రొటీన్లూ కొంచెం కొంచెం పాడై అది కుప్పకూలిందంటే ఒక అర్థం. ఇక్కడ దాడి సామగ్రి ప్రత్యేకంగా మూతపడింది. ఆ సామగ్రి చాలా ఖరీదైన వ్యవహారం. సూది చేసుకునే సాల్మొనెల్లా పెరుగుదల మందగిస్తుంది. అందుకే ఒకే గుంపులో కొన్ని క్రిములే దాన్ని చేసుకుంటాయి, మిగతావి తమ పెరుగుదల చూసుకుంటాయి. అంత ఖర్చుతో కూడిన పనిని లోపల ఏ కాస్త తేడా వచ్చినా ఆపేయగలిగితే క్రిమికి అది ఒకరకమైన పొదుపేమోనని నాకనిపిస్తుంది. మనకు కావలసింది మాత్రం తేలిపోయింది. దాని రోగం తెచ్చే శక్తి దండ సరిగ్గా కట్టడంలోనే లేదు, ఏ పాళ్ళలో తప్పు పోనివ్వాలో ఆ పాళ్ళు కుదరడంలోనూ ఉంది. షిగెల్లాలోనూ ఇలాంటిదే ఉంది. దాని టీఆర్ఎన్ఏల మీద ఒక చిన్న రసాయన మార్పు జరగకపోతే దాడిని నడిపే విర్-ఎఫ్ అనే ప్రొటీన్ సరిగా తయారవదు, క్రిమి ఉగ్రత తగ్గిపోతుంది.

అలాగని తప్పు ఎప్పుడూ క్రిమికి నష్టమే అనుకునేవు! మన రక్తంలోని తెల్లకణాలు క్రిమిని మింగాక దాని మీద ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు కుమ్మరిస్తాయి. 2015లో లింగ్ బృందమే ఈ.కోలై బాక్టీరియా మీద చేసిన పనిలో, ముందే కొన్ని తప్పుడు ప్రొటీన్లు ఉన్న క్రిములు ఆ రకం రసాయనాలను బాగా తట్టుకున్నాయి. చిన్న కష్టానికి అలవాటు పడ్డ ప్రాణం పెద్ద కష్టానికి నిలబడినట్టుంది వ్యవహారం.

ఈ తప్పుల వల్ల లాభపడే క్రిముల్లో మనం అందరికంటే ఎక్కువ భయపడాల్సింది క్షయ క్రిమికి. ప్రపంచంలో ఏటా క్షయ జబ్బు బారిన పడుతున్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరు మన దేశంవాళ్ళే. క్షయకు ఇచ్చే మాత్రల్లో రిఫాంపిసిన్ ముఖ్యమైనది. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని రోగులు కంగారుపడేది దాని వల్లే. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. మరి నెలల తరబడి ఎందుకు మింగాలి? జన్యువుల్లో ఏ మార్పూ లేకుండానే కొన్ని క్రిములు మందును ఓర్చుకుని మిగిలిపోతాయి కనుక.

ఆ ఓర్పుకు ఒక కారణం ఈ తప్పులేనని 2014లో బాబక్ జావిద్, ఎరిక్ రూబిన్‌ల బృందం చూపించింది. క్షయ జాతి క్రిములకు గ్లూటమిన్ అనే పువ్వును టీఆర్ఎన్ఏకి సూటిగా తగిలించే ఎంజైమ్ లేదు. ముందు గ్లూటమేట్ అనే వేరే పువ్వు తగిలించి, తర్వాత గాట్-క్యాబ్ అనే ఎంజైమ్‌తో దాన్ని గ్లూటమిన్‌గా మార్చుకుంటాయి. మార్చే పని కొంచెం సడలితే గ్లూటమిన్ ఉండాల్సిన చోట గ్లూటమేట్ వెళ్ళి కూర్చుంటుంది. రిఫాంపిసిన్ పట్టుకోవాల్సిన ప్రొటీన్ కూడా అలా కాస్త మారిపోయిన క్రిమి బతికి బట్టకడుతుంది. ఈ తప్పులు పెంచితే క్రిములు మందును ఎక్కువ తట్టుకున్నాయి, తగ్గిస్తే ఎక్కువ చచ్చాయి. అంటే అక్కచెల్లెళ్ళలా ఒకే జన్యువులున్న రెండు క్రిముల్లో ఒకటి చచ్చి ఒకటి మిగలొచ్చు. మిగిలింది మళ్ళీ పెరగొచ్చు, పెరిగేవాటిలో నిజంగానే జన్యువు మారి మందుకు పూర్తిగా లొంగనిది పుట్టొచ్చు. "తగ్గిందిగా, ఇంకెందుకు" అని కోర్సు మధ్యలో ఆపేసేవాళ్ళకు చెప్పాల్సిన మాట ఇదే.

ఇక్కడో తమాషా ఉంది. ఆ తప్పుల్ని తగ్గించే మందు ఏదైనా ఉందా అని వెతికితే 2018లో కాసుగామైసిన్ దొరికింది. ఆ పేరు మన రైతులకు కొత్త కాదు! జపాన్‌లోని నారాలో కాసుగా గుడి దగ్గరి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి 1965లో హమావో ఉమెజావా బృందం తీసిన మందు అది. వరికి అగ్గితెగులు వస్తే మన పల్లెల్లో పిచికారీ చేసేవాటిలో ఇదొకటి. దాన్ని ప్రయోగశాలలో క్షయ క్రిమికి ఇస్తే గ్లూటమేట్ తప్పులు తగ్గాయి, రిఫాంపిసిన్‌కు క్రిమి మరింత లొంగింది. ఎలుకల్లోనూ అదే జరిగింది. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఒక మందు తప్పులు పెంచి చంపుతుంది, ఇంకో మందు తప్పులు తగ్గించి చంపేందుకు సాయపడుతుంది. క్రిమి తన పాళ్ళు ఎక్కడ కుదుర్చుకుందో తెలిస్తే ఏ వైపుకు నెట్టాలో మనకు తెలుస్తుంది. అన్నట్టు, కాసుగామైసిన్ మనుషులు క్షయకు వేసుకునే మందు కాదు. పొలం షెడ్డులో ఉన్న డబ్బా పొలం షెడ్డులోనే ఉండాలి, సరేనా?

ఇంట్లో వాడకం మాట రెండు ముక్కల్లో చెప్పేస్తా. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కి పంపమని డాక్టర్‌గారిని అడుగు. విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరబడే అవకాశం ఎక్కువ. కల్చర్‌లో ఏ మందుకు లొంగుతుందో కూడా తేలుతుంది. పోయినసారి మిగిలిన సగం స్ట్రిప్పు ఈసారికి దాచుకోవద్దు, పక్కింటి పిల్లకు సర్దనూ వద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది. ఆ రకం టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత మొట్టమొదట పొందింది మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌వాళ్ళదే, 2017 చివర్లో. మీ పిల్లల డాక్టర్‌తో మాట్లాడు.

చివరిగా మన సొంత ఒంటి సంగతి. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు క్రిమి రైబోజోమ్‌నే పట్టుకుంటాయి, మనవాటి జోలికి పెద్దగా రావు. అదే వాటి గొప్పదనం. కానీ మన కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియాకు వేరే రైబోజోములుంటాయి. మైటోకాండ్రియా పూర్వం ఎప్పుడో బాక్టీరియాయే కనుక దాని రైబోజోములకు ఇంకా ఆ పోలికలున్నాయి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, ఎమికాసిన్ ఇంజెక్షన్ల వల్ల కొందరికి చెవుడు రావడానికి ఇదొక కారణం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చనిపోతే మళ్ళీ పుట్టవు. కొన్ని కుటుంబాల్లో మైటోకాండ్రియా జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంటుందని 1993లో కనుగొన్నారు. ఆ మార్పు వల్ల వాళ్ళ రైబోజోమ్ బాక్టీరియాదానికి ఇంకా దగ్గరి పోలికలోకి వస్తుంది, మందు గట్టిగా పట్టుకుంటుంది. అలాంటివాళ్ళకు మామూలు మోతాదే వినికిడి పోగొట్టొచ్చు.

దీనికి భయపడి ఇంజెక్షన్ వద్దనేవు సుమా! రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిన పసిబిడ్డలెందరినో ఈ మందులే బతికిస్తున్నాయి. నువ్వు చేయాల్సిన పని చిన్నది. మైటోకాండ్రియా తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. కనుక ఈ మార్పు ఉంటే అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మనకు, మన నుంచి మన పిల్లలకు దిగుతుంది. నాన్నవైపు వెతికి లాభం లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు చీరల మాట, పచ్చళ్ళ మాట అయ్యాక అమ్మను ఇదొక్కటి అడుగు: "మనవైపు అమ్మమ్మకు గానీ, మేనమామలకు గానీ, పిన్నులకు, పెద్దమ్మలకు గానీ సూదిమందు వేయించుకున్నాక వినికిడి పోయిందా?" అవునంటే పిల్లల ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసిపెట్టుకో. ఎప్పుడైనా అవసరపడితే డాక్టర్ ఆ ఫైలు తెరవగానే ముందు అదే కనపడాలి.